సోలార్ కవర్ నిజంగా పనికొస్తుందా, నాలుగు రోజులు వాడి మూలన పడేసే వస్తువేనా?

రెండోమెట్టు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఇంట్లో పూల్ కట్టించుకుని ఇది రెండో ఏడు. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటు లోతు 1.4 మీటర్లు. ఆరుబయటే ఉంటుంది, పైన కప్పు లేదు, ఒక పక్క చెట్లు.

నా బాధలు రెండు. మొదటిది, నీళ్లు తరిగిపోతున్నాయి. ఆదివారం నింపితే మళ్లీ ఆదివారానికి మట్టం రెండు వేళ్లకు పైనే దిగిపోయి, స్కిమ్మర్ (గోడలో ఉండి పైపై నీళ్లను, చెత్తను ఫిల్టర్‌కి లాక్కునే నోరు) గాలి పీలుస్తూ గురక పెడుతుంది. ఆ గురక వినబడితే చాలు, గొట్టం పట్టుకుని పరిగెత్తడం నా వంతు. రెండోది చలి. సాయంత్రం హాయిగా ఉన్న నీళ్లు తెల్లారేసరికి ఎవరో మార్చేసినట్టు ఉంటాయి. పిల్లలు రెండో మెట్టు దాకా దిగి, అక్కడే నిలబడి, వణుక్కుంటూ వెనక్కి వచ్చేస్తారు. నా పేరుకి మూలం అదే.

ఒకాయన సోలార్ కవర్ కొనమన్నారు. అదే, బుడగలున్న ప్లాస్టిక్ దుప్పటి. ఇంకొకాయన శుద్ధ దండగ అన్నారు. మా ఆవిడైతే "మేడ మీద ట్రెడ్‌మిల్‌కి తోడు దొరికినట్టే, బట్టలు ఆరేసుకోవడానికి అదొకటి చాలు" అని తేల్చేసింది.

నాకు అర్థం కానిది ఏంటంటే, అది ఎండతో నీళ్లు వేడెక్కించే వస్తువైతే రాత్రిపూట తీసేయాలా? నీలం రంగు కొనాలా, పారదర్శకంగా ఉండేదా, నల్లదా? మందం ఎంత ఉండాలి? పిల్లలు పొరపాటున పడితే ఆపుతుందా? అసలు నీళ్లు కిందనుంచి లీకవుతున్నాయేమో, నేను పైన దుప్పటి కప్పి మురిసిపోతున్నానేమో అని ఇంకో టెన్షన్. వాడినవాళ్లు చెప్పండి.

లెక్కలపుస్తకం జవాబు:

నేను ఆరేళ్లుగా వాడుతున్నానండి. మోకాళ్ల నొప్పికి రోజూ పొద్దున్నే ఈత కొట్టే మనిషిని, నీళ్లు చల్లగా ఉంటే నాకు సరదా పోవడం కాదు, మోకాలు బిగుసుకుపోతుంది. జీవితమంతా జమాఖర్చులు రాసిన అలవాటు కొద్దీ పూల్ పక్కన కూడా ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. నీటి మట్టం, పొద్దున ఒక ఉష్ణోగ్రత, సాయంత్రం ఒకటి. మా ఇంట్లోవాళ్లకు అది నవ్వులాట. మీలాంటివాళ్లు అడిగినప్పుడు మాత్రం పనికొస్తుంది. ఇప్పుడున్నది నా రెండో కవర్. మొదటిది నా తెలివితక్కువతనం వల్లే పోయింది, ఆ సంగతి కిందకి వస్తాను.

ముందు ఆ పేరు సంగతి చూద్దాం. "సోలార్" అనగానే అదేదో ఎండను పట్టి నీళ్లలోకి తోసే యంత్రం అనుకుంటాం. నేనూ అలాగే అనుకుని మొదటి నెలంతా పగలు కప్పి, ఎండ పోగానే తీసేసేదాన్ని. దాని పని వేడెక్కించడం కంటే వేడి పోకుండా ఆపడమే ఎక్కువ. దీన్ని మూత అనుకోండి, సగం సందేహాలు వాటంతటవే పోతాయి.

మీ పూల్‌కే లెక్క వేసి చూపిస్తాను. పైభాగం 32 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీళ్లంటే సరిగ్గా ఒక లీటరు. రోజుకు 5 మిల్లీమీటర్లు ఆవిరైతే 160 లీటర్లు పోయినట్టు. ఇది గొట్టం పట్టుకునే మనిషికి కనబడే నష్టం. కనబడనిది ఇంకోటి ఉంది. ఒక లీటరు నీరు ఆవిరయ్యేటప్పుడు సుమారు 2,430 కిలోజౌళ్ల వేడిని వెంటేసుకుపోతుంది. అదే లీటరును ఒక డిగ్రీ వేడి చేయడానికి 4.2 కిలోజౌళ్లు చాలు. అంటే ఒక్క లీటరు ఆవిరైతే దాదాపు 580 లీటర్ల నీళ్లు ఒక డిగ్రీ చల్లబడతాయి. కుండలో నీళ్లు చల్లబడేదీ, చెమట ఆరితే ఒళ్లు చల్లబడేదీ ఇందుకే. మీ పూల్‌లో ఉన్నది సుమారు 44,800 లీటర్లు. 160 లీటర్లు పోయాయంటే మొత్తం పూల్ రెండు డిగ్రీలు దిగినంత వేడి పోయింది. కరెంటు లెక్కలో చెప్పాలంటే 108 యూనిట్లు. ఒక్క రోజులో! మీ పిల్లలు రెండో మెట్టు దగ్గర ఆగిపోతున్నది ఆ రెండు డిగ్రీల వల్లే.

ఇది నా సొంత వాదన కాదు. ఆరుబయట పూల్ పోగొట్టుకునే వేడిలో సుమారు 70 శాతం ఆవిరి వల్లే పోతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. హీటర్ వాడేవాళ్లకు కవర్ వల్ల వేడి చేసే ఖర్చు 50 నుంచి 70 శాతం దాకా తగ్గుతుందనీ, పైనుంచి కలిపే నీళ్లు 30 నుంచి 50 శాతం తగ్గుతాయనీ వాళ్ల లెక్క. ఆవిరిని దాదాపు పూర్తిగా ఆపే వస్తువు కదా, మరి నీళ్లు సగమే ఎందుకు మిగులుతాయని నాకూ అనుమానం వచ్చింది. పిల్లలు దూకితే చిమ్మే నీళ్లు, ఫిల్టర్ బ్యాక్‌వాష్‌లో, అంటే ఫిల్టర్‌ను కడగడానికి నీళ్లు వెనక్కి తిప్పి వదిలేటప్పుడు పోయే నీళ్లు, కవర్ తీసి ఉంచిన గంటల్లో పోయేవి, వీటికి మూత ఏం చేస్తుంది చెప్పండి.

ఇక రాత్రి సంగతి. చలిగాలి ఉన్న తెల్లవారుజామున లేచి చూడండి, నీళ్ల మీద సన్నటి పొగ లేస్తూ ఉంటుంది. అందరూ ఫొటోలు తీసుకుంటారు. పగలంతా ఎండలో కూడబెట్టిన వేడి మన కళ్ల ముందే పోతోందని నాకు మాత్రం అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. పగలు పోయిన వేడిని ఎండ వెంటనే పూడుస్తుంది. రాత్రి పూడ్చేవాడు లేడు. పైగా నీళ్లకంటే గాలి చల్లబడుతుంది, గాలి పొడిగా ఉండి, వీస్తూ ఉంటే ఇక చెప్పనే అక్కర్లేదు. కాబట్టి మీ ప్రశ్నకు జవాబు, రాత్రి తీసేయడం కాదు, రాత్రే తప్పకుండా కప్పాలి. పగలు ఎవరూ దిగనప్పుడు కూడా ఉంచండి.

రంగు గురించి దుకాణాల్లో చెప్పేదంతా నమ్మకండి. నల్లది ఎండను బాగా పీలుస్తుంది, కానీ పీల్చిన వేడి చాలావరకు పైన ఆ షీటులోనే ఉండిపోతుంది. చేయి పెడితే షీటు కాలుతుంది, మోచేతి దాకా ముంచితే నీళ్లు అంతంతమాత్రం. పారదర్శకంగా ఉన్నది ఎండను లోపలికి పంపిస్తుంది, నీళ్లూ అడుగూ వేడెక్కుతాయి. ఏమీ కప్పని నీటితో పోలిస్తే పారదర్శకమైనది లోపలికి వెళ్లే ఎండలో 5 నుంచి 15 శాతం ఆపేస్తుంది, వెలుతురు దూరనిదైతే 20 నుంచి 40 శాతం. లేత నీలం వీటి మధ్యలో ఎక్కడో ఉంటుంది. మందం మాటకొస్తే 200, 300, 400 మైక్రాన్లు (వెయ్యి మైక్రాన్లు ఒక మిల్లీమీటరు) అంటూ రకరకాలుగా అమ్ముతారు. మందం పెరిగితే మన్నిక పెరుగుతుంది. వెచ్చదనంలో పెద్ద తేడా ఉండదు, బరువులో మాత్రం బాగా ఉంటుంది. లాగేది మీరే అని గుర్తుపెట్టుకుని కొనండి.

బుడగలు కిందకి, నున్నటి వైపు పైకి. నవ్వకండి, మొదటి రోజు నేను తిరగేసి పరిచాను. బుడగలు పైకి ఉంటే చూడ్డానికి బాగుందనిపించింది. ఆకులూ దుమ్మూ ఆ గుంటల్లో ఇరుక్కుని ఊడ్చలేక చచ్చాను.

ఇప్పుడు నా మొదటి కవర్ చావు కబురు. ఒక మిట్ట మధ్యాహ్నం దాన్ని తీసి, చక్కగా చుట్టి, బండల మీద ఎండలోనే వదిలేసి వెళ్లిపోయాను. నీళ్ల మీద పరిచి ఉన్నంతసేపు దాని వేడిని కింద నీరు లాక్కుంటుంది. చుట్టేశాక ఆ దారి మూసుకుపోతుంది, పొర మీద పొర, మధ్యలో గాలి, ఎండ వేడంతా లోపలే ఉడుకుతుంది. సాయంత్రం విప్పుతుంటే పొరలు అంటుకుపోయి చిరచిరమని చప్పుడు. బుడగలు కొన్ని ఉబ్బి పగిలాయి, కొన్ని కరిగి అప్పడంలా అణిగిపోయాయి. నెల తిరక్కుండా స్కిమ్మర్ బుట్టలో చేప పొలుసుల్లాంటి సన్నటి ప్లాస్టిక్ పెచ్చులు. రెండు నెలలు ఆ పొలుసులు ఏరాను. అప్పటినుంచి, చుట్టిన కవర్ మీద తెల్లటి దుప్పటి ఒకటి కప్పనిదే అక్కణ్ణుంచి కదలను.

చుట్టేసినవాడు జవాబు:

నేను రెండో పార్టీ. క్షమించండి, మీ ఆవిడ చెప్పిందే నిజం.

లెక్కలన్నీ కరెక్టే. కానీ ఎవరూ చెప్పనిది ఏంటంటే, తడిసిన ఆ షీటు ఒక మనిషికి లొంగదు. మాది కిడ్నీ ఆకారం పూల్. "బలంగా ఉంటుంది" అని అన్నిటికంటే మందమైనది కొన్నాను, రోలర్ మాత్రం కొనలేదు. పొద్దున ఆఫీసుకు వెళ్లే ముందు ఒక చివర నేను, ఇంకో చివర మా అబ్బాయి. వాడు నిద్రమొహంతో వదిలేస్తే మొత్తం నీళ్లలోకి జారిపోయేది. పైన పడిన ఆకులన్నీ లాగేటప్పుడు తిన్నగా పూల్‌లోకే. ఆకులు పడకుండా కప్పి, తీసేటప్పుడు అన్నీ ఒకేసారి దిమ్మరించడం, అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్నట్టు అయింది. మూడో వారానికి చుట్టి షెడ్డు వెనక పెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉంది, దాని కింద కప్పలు సుఖంగా ఉన్నాయి.

లెక్కలపుస్తకం జవాబు:

మీతో నేను ఏకీభవిస్తున్నాను, మీ ముగింపుతో కాదు. తీయడం, వేయడం కష్టమైతే ఏ కవరైనా షెడ్డు వెనకకే వెళుతుంది. అందుకే ఎవరడిగినా కవర్ ఏ రంగుదని ముందు ఆలోచించొద్దంటాను, ఎలా చుడతారో ముందు తేల్చుకోమంటాను.

దీర్ఘచతురస్రం పూల్ అయితే ఒక చివర చక్రాలున్న రోలర్ పెడితే ఒక్క మనిషి రెండు నిమిషాల్లో చుట్టేయొచ్చు. రోలర్ లేకుండా కొనాలనుకుంటే అసలు కొనకండి, ఈ మాట కాస్త కటువుగానే చెబుతున్నాను. మీలాంటి వంపుల పూల్‌కి రోలర్ సరిగ్గా కుదరదు. దానికి షీటును రెండు మూడు ముక్కలుగా కోసేయాలి. ముక్కలు పక్కపక్కన తేలుతుంటే సందుల్లోంచి పోయే ఆవిరి కొంచెమే. ఒక్కో ముక్క ఒక్క మనిషి తీయగలిగిన బరువే ఉంటుంది. మీ షెడ్డు వెనక ఉన్నది ఇంకా పెళుసెక్కకపోతే కత్తెర పట్టుకెళ్లి చూడండి. కప్పలకు నోటీసు ఇచ్చి.

ఆకుల సంగతి నిజమే. తీసే ముందు మెత్తటి చీపురుతో ఒక వైపుకి తోసి, వలతో ఎత్తేయాలి. రోజూ చేస్తే గుప్పెడు, వారానికోసారి చేస్తే గంపెడు.

రెండోమెట్టు గారికి కోత గురించి ఒక మాట. కొత్త షీటు మడతల గుర్తులతో వస్తుంది. వెంటనే కోయకండి. నీళ్ల మీద పరిచి ఒకటి రెండు రోజులు ఎండలో సాగనివ్వండి, ఆ తర్వాత నీటి అంచు వెంబడి మామూలు కత్తెరతోనే కోయండి. నేను ఆత్రంగా మొదటి రోజే కోసేసి ఒక మూల జానెడు ఖాళీ తెచ్చుకున్నాను. ఎక్కువ మిగిలితే మళ్లీ కోసుకోవచ్చు, తక్కువైతే అతికే దారి లేదు. అంచు గోడ మీదకి పాకకూడదు, నీళ్ల మీద చదునుగా తేలాలి.

పంపుగది జవాబు:

ఇళ్ల పూల్స్ శుభ్రం చేసే పని నాది. పైవాళ్లు వేడి గురించి చెప్పారు, నేను మందుల గురించి చెబుతాను.

స్టెబిలైజర్, అంటే ఎండకు క్లోరిన్ పోకుండా కాపాడే సయన్యూరిక్ యాసిడ్, లేని నీళ్లలో ఎండ గట్టిగా ఉంటే గంట తిరిగేలోపే క్లోరిన్ సగానికి పడిపోతుంది. కవర్ ఎండను కొంత ఆపుతుంది కాబట్టి క్లోరిన్ నిలబడుతుంది. దుమ్మూ ఆకులూ తక్కువ పడతాయి, వాటి మీద ఖర్చయ్యే క్లోరిన్ కూడా మిగులుతుంది. కవరున్న ఇళ్లలో మందు తక్కువ పడుతుందన్నది నేను కళ్లారా చూసేదే.

కానీ ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. కవర్ కొన్నాక కూడా పాత మోతాదే పోస్తూ ఉంటారు. ఉప్పు నుంచి క్లోరిన్ తీసే మిషన్ ఉన్నవాళ్లయితే మరీనూ, అది పంపు నడిచినంతసేపూ తయారుచేస్తూనే ఉంటుంది, పోయే దారి లేదు. క్లోరిన్ పెరిగిపోయి కవర్ అడుగున బుడగల్ని తినేస్తుంది. షీటు రంగు వెలిసి, ముట్టుకుంటే పొడిలా రాలుతుంది. అప్పుడు కంపెనీని తిడతారు. మిషన్ సెట్టింగ్ తగ్గించండి, మొదటి రెండు వారాలు రోజూ టెస్ట్ చేసి మీ నీళ్లకు సరిపడే కొత్త మోతాదు కనుక్కోండి. షాక్ ఇచ్చిన రోజు, అంటే ఒకేసారి ఎక్కువ క్లోరిన్ పోసిన రోజు, కవర్ వేయకూడదు, క్లోరిన్ మామూలు స్థాయికి దిగేదాకా ఆగాలి.

ఇంకో విషయం. చెమటా మురికీ క్లోరిన్‌తో కలిసి క్లోరమైన్లు అవుతాయి. పూల్ వాసన, కళ్ల మంట అంటారే, అవి వీటివల్లే. అవి గాలిలోకి పోవాలి. ఎప్పుడూ మూసే ఉంచితే అక్కడే తిష్ట వేస్తాయి. రోజూ కాసేపు, వీలైతే పంపు నడుస్తున్నప్పుడు, తీసి ఉంచండి. పీహెచ్ విషయంలో మాత్రం కవర్ లాభమే. నీళ్లలోంచి కార్బన్ డయాక్సైడ్ నెమ్మదిగా పోతుంది కాబట్టి పీహెచ్ త్వరగా పెరగదు, యాసిడ్ తక్కువ పోస్తారు.

కవర్ ఉందని పంపు ఆపేసి ఊరెళ్లేవాళ్లున్నారు. వెచ్చటి నీళ్లు, కదలిక లేదు, క్లోరిన్ అయిపోయింది. వచ్చి తీసి చూస్తే పచ్చగా చెరువు. నాకు పని దొరుకుతుంది అనుకోండి.

లీకు అనుమానానికి బకెట్ పరీక్ష చేయండి. బకెట్‌లో పూల్ నీళ్లే పోసి, రెండో మెట్టు మీద పెట్టి, లోపలి మట్టం బయటి మట్టం ఒకేలా ఉండేట్టు చూడండి. కదలకుండా రాయి వేయండి. లోపలా బయటా గీతలు గీసి 24 గంటలు ఆగండి. కవర్ ఉండకూడదు, ఎవరూ దిగకూడదు, వాన పడకూడదు, నీళ్లు దానంతటదే నింపుకునే ఏర్పాటు ఉంటే కట్టేయాలి. రెండూ ఇంచుమించు ఒకేలా దిగితే అది ఆవిరి. బయట బాగా ఎక్కువ దిగితే లీకు. అప్పుడు కవర్ కాదు, మేస్త్రీని చూడండి.

నీళ్లపక్కనఅమ్మ జవాబు:

మిగతావాటికి అందరూ జవాబులిచ్చారు. ఒక్కదానికి ఇవ్వలేదు, అదే అన్నిటికంటే ముఖ్యమైనది. పిల్లలు పడితే ఆపుతుందా? ఆపదు. అస్సలు ఆపదు.

మా కుక్కపిల్ల వల్ల తెలిసింది నాకు. నీలంగా చదునుగా కనిపించేసరికి నేల అనుకుని దాని మీద కాలు పెట్టింది. రెండడుగులు తేలినట్టే ఉంది. మూడో అడుగుకి షీటు దాని కింద గుంటలా దిగి, చుట్టూ అంచులు ముడుచుకుని మీద పడ్డాయి. ఈదడం వచ్చిన జంతువే, కానీ ఈదడానికి నీళ్లే దొరకలేదు, కాళ్లకు ప్లాస్టిక్ చుట్టుకుంది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి అంచు పట్టి లాగేశాను. చప్పుడు కూడా పెద్దగా కాలేదండి. నన్ను ఇప్పటికీ భయపెట్టేది అదే. లోపల మనిషి ఉంటే పైనుంచి కనబడకపోవచ్చు కూడా.

సేఫ్టీ కవర్ అనేది వేరే వస్తువు. అంచుల్లో గట్టిగా బిగిస్తారు, దాని మీద మనుషులు పడ్డా నిలబడాలి, దానికి అమెరికాలో ఏఎస్‌టీఎం ఎఫ్1346 అనే ప్రమాణం ఉంది. బుడగల షీటు ఆ కోవలోకి రాదు. ఇది ఉన్నా లేకపోయినా చుట్టూ కంచె, దానంతటదే మూసుకుని గడియపడే గేటు ఉండాల్సిందే. మా ఇంట్లో ఒకే నియమం, కవర్ పూర్తిగా తీసి చుట్టేదాకా ఎవరి పాదమూ తడవకూడదు. సగం తీసి సగంలో ఈదడం అస్సలు కుదరదు. షీటు కిందకి వెళ్లిన పిల్లకు పైకి తేలే చోటు దొరకదు.

వాన పడ్డాక షీటు మీద నిలిచిన నీళ్లు కూడా తోసేయండి. వారం పది రోజులు అలాగే వదిలేస్తే దోమలు పుట్టి ఎగిరిపోతాయి. అడుగున క్లోరిన్ ఉన్నా పైన మడుగులో ఉండదు కదా.

రెండోమెట్టు జవాబు:

అందరికీ చాలా థాంక్స్. అమ్మగారూ, మీ జవాబు మా ఆవిడకు చదివి వినిపించాను. కవర్ సంగతి తర్వాత, ముందు గేటు గడియ బాగుచేయించు అంది. చేయించాను, నిన్నటికి అయిపోయింది.

బకెట్ పరీక్ష రెండుసార్లు చేశాను. మొదటిసారి రాయి వేయడం మర్చిపోయాను, బకెట్ తేలి పక్కకి ఒరిగింది. రెండోసారి, బకెట్‌లో 5 మిల్లీమీటర్లు దిగింది, బయట 6. అంటే లీకు లేదనే కదా? హమ్మయ్య అనుకున్నాను. కాకపోతే రోజుకు 190 లీటర్ల దాకా గాల్లోకి పంపుతున్నానని తెలిసి రాత్రి నిద్ర పట్టలేదు. లెక్కలపుస్తకం గారూ, ఆ 580 సంఖ్య చెప్పకుండా ఉండాల్సింది మీరు.

ఒక సందేహం. ఎండలు ముదిరే నెలల్లో మా నీళ్లు కవర్ లేకుండానే 31 దాకా పోతాయి. అప్పుడు కూడా కప్పితే వేడినీళ్ల స్నానం అయిపోదా?

లెక్కలపుస్తకం జవాబు:

ఒక మిల్లీమీటరు తేడా పట్టించుకోవద్దండి. బకెట్ గోడ గాలిని కొంచెం ఆపుతుంది, అందుకే లోపల కాస్త తక్కువ దిగుతుంది.

అవుతుంది, స్నానమే అవుతుంది. ఒక వేసవిలో మా నీళ్లు 34 తాకాయి, ఈత కొడుతుంటే ఊపిరి ఆడనట్టుంది, పైగా అంత వెచ్చగా ఉంటే క్లోరిన్ ఆగదు, నాచు తొందరపడుతుంది. ఆ నెలల్లో ఇప్పటిదాకా చెప్పినదాన్ని తిరగేయండి. రాత్రి తీసి ఉంచండి, ఆవిరే మీ కూలర్. మనకు ఇన్నాళ్లూ శత్రువుగా ఉన్నదాన్నే పనిలో పెట్టుకోవడం. కాసిన్ని నీళ్లు పోతాయి, పోనివ్వండి. నీళ్లే ముఖ్యం అనుకుంటే రాత్రి కప్పి, పగలు ఎండ నేరుగా పడకుండా నీడ ఏర్పాటు చేసుకోవాలి. రెండూ కావాలంటే కుదరదు.

రెండోమెట్టు జవాబు, నెల తర్వాత:

కొన్నాను. 400 కాదు, 300 మైక్రాన్లది, లేత నీలం, రోలర్‌తో సహా. రెండు రోజులు పరిచి ఉంచాకే కోశాను. అయినా ఒక మెట్టు మూల దగ్గర చేయి తిరిగి కాస్త వంకర పోయింది.

నేను కూడా ఒక నోట్‌బుక్ పెట్టాను. కవర్ లేని వారంలో సాయంత్రం 27 ఉన్న నీళ్లు పొద్దుటికి 25 అయ్యేవి. ఇప్పుడు 27కి పొద్దున 26న్నర ఉంటోంది. మట్టం వారానికి ఒక వేలు మందం కూడా దిగలేదు, అదీ పిల్లలు చిమ్మిందే ఎక్కువ. స్కిమ్మర్ గురక ఆగిపోయింది. క్లోరిన్ మాత్రం మొదటి వారం పాత మోతాదే పోసి, పంపుగది గారు చెప్పినట్టే పెరిగిపోతే కంగారుపడి తగ్గించాను.

పిల్లలు రెండో మెట్టు దాటి దిగుతున్నారు. ఈ పేరు మార్చుకోవాలేమో.

మా ఆవిడ ఓడిపోయినట్టు ఒప్పుకోలేదు. లెక్కలపుస్తకం గారు చెప్పినట్టు చుట్టిన కవర్ మీద తెల్ల దుప్పటి కప్పుతున్నాను కదా, అది రోజూ తడుస్తోంది. దాన్ని ట్రెడ్‌మిల్ మీద ఆరేస్తోంది.